పంపినవాడా, అప్పగించినవాడా: కన్‌సైనర్ అనే మాట గురించి

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడతందా? సరే, మైకు కొంచెం దగ్గరకి జరుపుకుంటాను.

ఈరోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. 1863లో మన శ్రీకాకుళం దగ్గరే పర్వతాలపేటలో పుట్టారాయన, పర్లాకిమిడిలో మేస్టారుగా చేశారు, జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకంలోనూ ఉండాలని జీవితమంతా కొట్లాడారు. అందుకని ఈ రోజున తెలుగు మాట గురించి ఏదైనా చెప్పమని పిలిస్తే, పద్యాల గురించి చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, నేను మటుకు నేను పనిచేసిన చోటునుంచి ఒక మాట పట్టుకొచ్చాను. కాశీబుగ్గలో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో 34 ఏళ్లు గుమస్తాగా చేశానండి. అక్కడ రోజూ ఎన్నిసార్లు రాశానో లెక్కలేని మాట కన్‌సైనర్. సరుకు పంపిన మనిషి పేరు రాసే గడి మీద ఉంటాది ఆ మాట.

ఎల్‌ఆర్ అంటే అందరికీ తెలుసు కదా, లారీ రసీదు. ఉత్తరాదివాళ్లు దాన్నే బిల్టీ అంటారు. ఒక ఎల్‌ఆర్ కి కన్‌సైనర్ కాపీ, కన్‌సైనీ (అంటే సరుకు అందుకోవలసినవాళ్ల) కాపీ, డ్రైవర్ కాపీ అని రకరకాల రంగుల కాయితాలుంటాయి. పైన ఎడమపక్క కన్‌సైనర్, దానికింద కన్‌సైనీ, తర్వాత సరుకు పేరు, ఎన్ని బస్తాలు, బరువెంత, మార్కా ఏటి, కిరాయి పెయిడా (ముందే కట్టేశారా) టుపేయా (సరుకు అందాక కడతారా). ఇదంతా ఇంగ్లీషులోనే అచ్చువేసి ఉంటాది. దానికింద సంతకం పెట్టేది మాత్రం ఉద్దానం నుంచి కొబ్బరికాయలు తెచ్చిన రైతు. ఈ సంగతి నన్ను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బాధపెట్టింది, ఇప్పటికీ బాధపెడతంది, అందుకే ఇక్కడ నిలబడ్డాను.

ముందు మాట సంగతి చూద్దాం. కన్‌సైన్ అనేది ఇంగ్లీషువాళ్ల సొంతం కాదు, లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వాళ్ల దగ్గరకొచ్చింది. లాటిన్లో సిగ్నుమ్ అంటే గుర్తు, కాన్‌సిగ్నారే అంటే ముద్ర వెయ్యడం, ముద్రవేసి ఖాయం చెయ్యడం. సిగ్నల్, సిగ్నేచర్, అసైన్, రిజైన్ అన్నీ ఆ ఇంటిపేరు వాళ్లే. అంటే మొదట్లో ఈ మాటలో పంపడం అనే అర్థమే లేదన్నమాట! గుర్తు వేసి ఒకరి చేతిలో పెట్టడం, అదీ అసలు అర్థం. ఫ్రెంచివాళ్లు రైల్వే స్టేషన్లో సామాన్లు దాచుకునే గదిని ఇప్పటికీ కాన్‌సీన్ అనే అంటారు, సీసాకి కట్టే డిపాజిట్ డబ్బుని కూడా అదే మాటతో పిలుస్తారు. మన చిన్నప్పుడు సోడాకాయ ఇంటికి తీసుకెళ్తే కొట్టువాడు కొంచెం డబ్బు ఉంచుకుని, కాయ తిరిగిచ్చాక వెనక్కిచ్చేవాడు చూడండి, అదన్నమాట. నమ్మి ఒకరి దగ్గర ఉంచడం.

ఇది తెలిశాక నాకు వెంటనే మార్కా గుర్తొచ్చింది. షెడ్డులో బస్తా దిగగానే హమాలీలు ముందు చూసేది ఏటి? గోనె మీద నల్లసిరాతో కొట్టిన మార్కా. షాపుపేరులో రెండక్షరాలు, చేరాల్సిన ఊరు. చదువురాని హమాలీ కూడా ఆ గుర్తు చూసి ఇది రాయపూర్ బస్తా, ఇది కటక్ బస్తా అని వేరుచేసి పెట్టేస్తాడు. రోమువాళ్లు మైనంమీద ముద్ర వేసినా పలాస వ్యాపారి గోనెమీద మార్కా కొట్టినా పని ఒకటే, ఈ సరుకు నాది, ఫలానావాళ్లకి చేరాలి, అందాకా నీకు అప్పగిస్తన్నాను అని చెప్పడం. మన షెడ్డులో ఆ మాట అర్థం రోజూ కళ్లముందు కనపడతానే ఉండేది, అచ్చుకాయితం మీద మాత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఇంక ఆ చివర ‘అర్’, ‘ఈ’ సంగతి. ఎంప్లాయర్ ఎంప్లాయీ, ట్రైనర్ ట్రైనీ, చెక్కుమీద పేయీ, ఇవన్నీ మీకు తెలిసినవే. చేసేవాడికి ఒక తోక, ఎవరికోసం చేస్తారో వాళ్లకి ఇంకో తోక. అలగే కన్‌సైనర్ అప్పగించేవాడు, కన్‌సైనీ ఎవరికి చేరాలో వాళ్లు. ఇంగ్లీషు స్పెల్లింగులో చివర ‘ఈఆర్’ రాసినా ‘ఓఆర్’ రాసినా నిఘంటువుల్లో రెండూ ఉన్నాయి, చట్టాల్లో మాత్రం ‘ఓఆర్’ వాడతారు, అందుకే మన కామర్స్ పుస్తకాల్లో కన్‌సైనార్ అని సాగదీసి రాస్తారు. పలికేటప్పుడు మధ్యలో ‘గ’ పలకదు, మా ఆఫీసుల్లో మటుకు కన్‌సిగ్నీ అనేవాళ్లు కూడా ఉండేవారు, దానివల్ల ఎవరికీ నష్టమేమీ లేదు. నష్టం ఎక్కడొస్తాదంటే, రెండు మాటలకీ తేడా చివరి ఒక్క అక్షరమే అవడం వల్ల.

ఒకసారి ఏటయిందంటే, కొత్తగా చేరిన కుర్రాడు జీడిపప్పు టిన్నులు బుక్ చేస్తా పైగడీ కిందగడీ తారుమారు చేసేశాడు. పలాస పార్టీ కన్‌సైనీ అయిపోయింది, అటు కొన్న షాపు కన్‌సైనర్ అయిపోయింది. సరుకు చేరింది, అక్కడి ఆఫీసులో వాళ్లు కాయితం చూసి, బాబూ నీ పేరు పంపినవాడిగా ఉంది, తీసుకోవలసినవాడు పలాసలో ఉన్నాడు, నీకెలగ ఇస్తామయ్యా అన్నారు. వాళ్లది తప్పుకాదు, కాయితంలో ఏముంటే దాన్నే నమ్మాలి. మేము ఇక్కడినుంచి ఉత్తరం రాసి, సంతకం పెట్టించి పంపి, అది చేరేసరికి మూడు రోజులు పోయాయి, మూడు రోజులకీ డామరేజి, అంటే సరుకు విడిపించడం ఆలస్యమైతే వేసే రుసుము, పడింది. అదంతా ఒక్క తోక తేడా!

మన తెలుగులో ఇలాంటి జంటమాటలు లేవనుకోకండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో భూమి దస్తావేజు చూడండి, వ్రాసి ఇచ్చినవారు, వ్రాయించుకున్నవారు అని ఉంటాది. ఎంత బాగుందో చూడండి! వేలిముద్ర వేసే మనిషి కూడా నేను రాసి ఇచ్చినదాన్నా రాయించుకున్నదాన్నా అని తడుముకోదు. మన దస్తావేజు లేఖరులు ఎప్పుడో తేల్చేసిన పని మన లారీ ఆఫీసులు ఇంకా చెయ్యలేదు.

మరి కన్‌సైనర్ కి తెలుగు ఏటి అని అడుగుతారు. నేను చాలా విన్నాను. ప్రేషకుడు అన్నారొకరు, అది వాడితే రైతు నా మొహం చూసి, ఆయనెవరు బాబూ అంటాడు. రవాణాదారు అన్నారు, అది పూర్తిగా తప్పు, రవాణా చేసేది లారీవాడు, సరుకువాడు కాదు. పంపిణీదారు అన్నారు, అది పంచిపెట్టేవాడికి. ఎగుమతిదారు అని ఒకరు గట్టిగా వాదించారు, పుస్తకాల్లో చూస్తే సబబుగానే ఉంటాది, కానీ మా షెడ్డులో ఎగుమతి అంటే లారీకి సరుకెక్కించడం, దిగుమతి అంటే దించడం, ఎగుమతి కూలి ఇంత దిగుమతి కూలి ఇంత అని హమాలీల మేస్త్రీతో రోజూ బేరం. ఎగుమతిదారు సంతకం పెట్టాలి అంటే మేస్త్రీ వచ్చి నిలబడతాడు! పంపినవారు అనేది వీటన్నిట్లోకీ మేలు, ఉత్తరాలకీ కవర్లకీ సరిపోతాది. కానీ పంపడం అంటే చేతులు దులుపుకోవడం కూడా అవుతాది, పంపేశాను నా పని అయిపోయింది అంటాం కదా. ఈ మాటలో పని అక్కడితో అవదండి.

చట్టం ఏమంటందో చూడండి. 1989 రైల్వే చట్టంలో కన్‌సైనర్ అంటే ఎవరయ్యా అంటే, రైల్వే రసీదులో కన్‌సైనర్ గా పేరున్న మనిషి, ఎవరి చేత గానీ ఎవరి తరఫున గానీ సరుకు మోయడానికి రైల్వేకి అప్పగించబడిందో ఆ మనిషి, ఇంచుమించు ఈ అర్థంలో ఉంటాది. లారీలకి మొదట 1865 నాటి క్యారియర్ల చట్టం ఉండేది, క్యారియర్ అంటే కిరాయికి సరుకు మోసేవాడు, దాని చోట 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం చేశారు, అందులోనూ ఇంచుమించు ఇదే నిర్వచనం, రసీదు అన్నచోట ఫార్వర్డింగ్ నోట్ అని ఉంటాది, అంటే సరుకు ఇచ్చేవాడు దాని వివరాలు రాసిచ్చే కాయితం. ఇందులో నాకు మూడు ముక్కలు ముఖ్యం. కాయితంలో పేరుండాలి. స్వయంగా తేనక్కర్లేదు, అతని తరఫున ఎవరు తెచ్చినా సరే. మూడోది, అప్పగించాలి. పంపించాలి అనలేదు, అప్పగించాలి అన్నారు.

అప్పగింత అంటే మనకి చెప్పాలేటి? పెళ్లిలో ఆఖరిన పాలల్లో చేతులు ముంచి అప్పగింతలు పెడతారు, ఆ ఘట్టంలో కళ్లనీళ్లు రాని ఇల్లు ఉండదు. ఆడపిల్లని సరుకుతో పోల్చట్లేదు, అలగ ఎవరూ అనుకోవద్దు, నేను చెప్పేది ఆ పని గురించి. అప్పగించినవాళ్లకి ఆ రోజుతో బాధ్యత తీరిపోదు, తీసుకున్నవాళ్లకి ఆ రోజునుంచి మొదలవుతాది, ఇద్దరికీ మధ్యన నమ్మకం ఒకటి ఉంటాది. అందుకని నేనయితే అప్పగించినవారు, అందుకునేవారు అని రాస్తాను. కన్‌సైనర్ అనే మాట తీసెయ్యమనట్లేదు. హమాలీ, దలాలీ అరబ్బీ మూలంనుంచి వచ్చినవి, గుమస్తా పారశీకం, ఇప్పుడవి ఎవరికైనా పరాయి మాటలా? కన్‌సైనర్ కూడా తెలుగు లిపిలో రాసుకుంటే మనదే అవుతాది. పక్కనే అప్పగించినవారు అని ఇంకో ముక్క వేస్తే చాలు, సంతకం పెట్టేవాడికి తను ఏ గడిలో ఉన్నాడో తెలుస్తాది.

తెలియకపోతే ఏటవుతాదో చెప్తాను, ఇది నేను మర్చిపోలేని సంగతి. కవిటి వైపునుంచి ఒక పెద్దాయన లారీడు కొబ్బరికాయలు తెచ్చాడు, సరుకు ఆయనదే, అటు వ్యాపారి దగ్గరనుంచి డబ్బు ఇంకా రాలేదు. కూడా ఒక దలారీ వచ్చాడు, రాతకోతలన్నీ అతనే చూసుకుంటన్నాడు, నేను అలవాటుగా పార్టీ పేరేటి అన్నాను, దలారీ తనపేరు చెప్పాడు, నేను పైగడిలో రాసేశాను. ఆ పెద్దాయన ఎదురుగా బల్లమీద కూర్చునే ఉన్నాడు, ఒక్కమాట అడగలేదు నేను, సరుకెవరిది తాతా అని. ఘాట్ దగ్గర లారీ బోల్తాపడింది. కాయలు సగం పైగా పోయాయి. క్లెయిము వేసే రోజున ఆ తాత వచ్చి నిలబడితే కాయితంలో ఆయన పేరు ఎక్కడా లేదు. డబ్బు దలారీ పేరున వచ్చింది, అందులో ఆయనకి ఎంత చేరిందో నాకు తెలీదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది నాకు. అప్పటినుంచీ రిటైరయ్యే రోజు వరకూ, పార్టీ పేరేటి అని అడగడం మానేశాను. సరుకెవరిది, ఎవరి తరఫున బుక్ చేస్తన్నారు, డబ్బు రాకపోతే ఎవరు నష్టపోతారు, ఈ మూడూ అడిగి రాసేవాణ్ణి. వెనకాల లైన్లో వాళ్లు విసుక్కునేవాళ్లు, విసుక్కోనీ.

(సభలో ఒక విద్యార్థి: సార్, కన్‌సైనర్ అంటే సెల్లరే కదా?)

మంచి ప్రశ్న బాబూ. చాలాసార్లు అవును, కానీ ఎప్పుడూ కాదు. ఒక లెక్క చెప్తాను చూడు. విజయనగరం షాపాయన పలాసలో పప్పు కొన్నాడు, దాన్ని రాయపూర్ షాపాయనకి అమ్మేశాడు. సరుకు విజయనగరంలో దిగకుండా పలాసనుంచి నేరుగా రాయపూర్ వెళ్లిపోతాది. రాయపూర్ ఆయనకి అమ్మింది విజయనగరం ఆయన, లారీకి అప్పగించింది పలాస ఆయన. ఇప్పుడు ఈ-వే బిల్లులో, అంటే సరుకు రవాణాకి కంప్యూటర్లో తీసే జీఎస్టీ కాయితంలో, బిల్ టు (బిల్లు ఎవరికి) వేరే, షిప్ టు (సరుకు ఎక్కడికి) వేరే, డిస్పాచ్ ఫ్రమ్ (ఎక్కడినుంచి) వేరే అని గడులు పెట్టింది ఇందుకే. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి కదా, రాష్ట్రం దాటే సరుక్కి 2018 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది, దానికి ముందు మన ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో లారీలు బారులు తీరి ఉండేవి, అప్పట్లో వే బిల్లు పుస్తకంలో కన్‌సైనర్ పేరు కొట్టేసి దిద్దితే ఆ లారీ ఆ రోజుకి కదిలేది కాదు. ఇప్పుడు కంప్యూటర్లో కొడతన్నారు, పని సులువైంది, గడి అర్థం తెలుసుకోవలసిన అవసరం మటుకు ఏమీ తగ్గలేదు.

నువ్వు కామర్స్ కదా? అయితే ఇంకో చిక్కు చెప్పాలి నీకు. ఇంటర్లో కన్‌సైన్‌మెంట్ ఖాతాలు చదివుంటావు. అక్కడ కన్‌సైనర్ అంటే వేరే మనిషి. బుడితిలో ఇత్తడి పనివాళ్లు ఉన్నారు, వాళ్లలో ఒకాయన చెంబులూ గిన్నెలూ చేసి విశాఖలో ఒక షాపులో పెట్టాడనుకుందాం. షాపువాడు కొనలేదు, అమ్మిపెడతానన్నాడు. అమ్మితే కమీషను పట్టుకుని మిగతాది పంపుతాడు, దానికి అకౌంట్ సేల్స్ అని ఒక లెక్క కాయితం పంపుతాడు. అమ్ముడవకపోతే చెంబు వెనక్కొస్తాది. షాపులో ఏడాదిపాటు అద్దాల బీరువాలో మెరుస్తా కూర్చున్నా ఆ చెంబు బుడితి ఆయనదే. ఇక్కడ కన్‌సైనర్ అంటే ఓనరు, కన్‌సైనీ అంటే కేవలం ఏజెంటు. లారీ ఆఫీసులో అయితే చాలాసార్లు తిరగబడి ఉంటాది, సరుకు కొనుక్కున్న కన్‌సైనీయే ఓనరు. ఒకటే మాట, రెండు లోకాలు. పరీక్షలో కన్‌సైన్‌మెంటు అమ్మకం కాదు అని ఒక్క మార్కు ప్రశ్న అడుగుతారు కదా, ఆ ఒక్క మార్కు బతుకులో చాలా ఖరీదు చేస్తాది. షాపువాడు దివాలా తీసినా బుడితి ఆయన, ఆ చెంబులు నావి, అతని ఆస్తిలో కలపడానికి వీల్లేదు అని నిలబడొచ్చు, కాయితం ఉంటే.

అందులోనే డెల్ క్రెడెర్ కమీషన్ అని ఒకటి ఉంటాది, పిల్లలు బట్టీ పడతారు. ఇటాలియన్ మాట అది, నమ్మకానికి సంబంధించినది. అరువు మీద అమ్మితే ఆ బాకీ రాకపోయినా నేను భరిస్తానని ఏజెంటు హామీ ఉంటే దానికి అదనంగా ఇచ్చే కమీషను. చూడండి, ఇక్కడ కూడా తిరిగి తిరిగి నమ్మకం దగ్గరకే వచ్చింది.

ఇంక షిప్పర్ అనే మాట. మన పలాసకి జీడిపిక్కలు ఇప్పుడు ఉద్దానంలోవే సరిపోవు, ఆఫ్రికా దేశాలనుంచి ఓడల్లో విశాఖపట్నం రేవుకి వస్తాయి. ఓడ కాయితాన్ని బిల్ ఆఫ్ లేడింగ్ అంటారు, అందులో కన్‌సైనర్ అని ఉండదు, షిప్పర్ అని ఉంటాది, అక్కడినుంచి ఎక్కించినవాడు. ఈ షిప్పర్ అనే మాట ఇప్పుడు ఓడ దిగి రోడ్డెక్కేసింది, అమెరికావాళ్లు లారీలో పంపినవాణ్ణి కూడా షిప్పర్ అంటారు, మనకి ఫోన్లో చీర ఆర్డరిస్తే షిప్పింగ్ చార్జీ అని పడతాది, ఆ చీర ఏ ఓడా ఎక్కకపోయినా. ఓడ కాయితంలో ఇంకో విచిత్రం, కన్‌సైనీ గడిలో మనిషి పేరు బదులు టు ఆర్డర్ అని రాస్తారు, అంటే ఎవరి పేరున రాసిస్తే వాళ్లకి. అప్పుడు సరుకు ఎవరికొచ్చిందో కబురుచెయ్యాలి కదా, దానికి నోటిఫై పార్టీ అని మూడో గడి. పలాస వ్యాపారులు చాలామంది ఆ మూడో గడిలో ఉంటారు, బ్యాంకులో డబ్బు కట్టాకే ఒరిజినల్ కాయితం చేతికొస్తాది. మన దేశంలో దీనికి 1856 నాటి చట్టమే మొన్నమొన్నటివరకూ ఉండేది, 2025లో కొత్తది చేశారు.

అదే పిక్కలు పలాసలో కాల్చి, కొట్టి, తొక్క తీసి, పప్పుచేసి టిన్నుల్లో పెట్టి పంపితే, నిన్నటి నోటిఫై పార్టీ ఇవాళ కన్‌సైనర్. మనిషి ఒకడే, గడి మారింది. పిక్కలొచ్చినప్పుడు ఒక హక్కు, పప్పు వెళ్లినప్పుడు ఇంకో బాధ్యత.

మా నాన్నగారు నౌపడలో ఉప్పు లెక్కలు రాసేవారు. నౌపడ ఉప్పు కొఠార్లు మీరు చూసే ఉంటారు, అక్కడినుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు ఉండేది. పెద్ద లైన్లో వ్యాగన్లకి ఉప్పు ఎక్కించినప్పుడు ఆర్‌ఆర్, అంటే రైల్వే రసీదు, చేతికొచ్చేదాకా నాన్నగారు షెడ్డు వదిలి వచ్చేవారు కాదు, అన్నం క్యారేజీ నేను పట్టుకెళ్లేవాణ్ణి. ఉప్పు వెళ్లిపోయింది కదా నాన్నా ఇంటికి పోదాం అంటే, ఉప్పు వెళ్లలేదురా, ఈ కాయితమే ఉప్పు అనేవారు. చిన్నప్పుడు అర్థం కాలేదు. రైల్వే చట్టం చదివాక తెలిసింది, ఆర్‌ఆర్ ని కన్‌సైనీ చేతిలో పెట్టినప్పుడు సరుకు మీద హక్కు అతనికి వెళ్తాదని అందులో ఉంది. అందుకే తెలియని పార్టీ అయితే కన్‌సైనీ గడిలో సెల్ఫ్ అని రాయించి, కాయితం బ్యాంకు ద్వారా పంపేవాళ్లు, డబ్బు కడితే కాయితం, కాయితం ఉంటే సరుకు.

బాధ్యత మాట చెప్పాను కదా, అది కొంచెం వివరంగా చెప్తాను, మీలో సరుకు బుక్ చేసేవాళ్లు ఉన్నారు. ఫార్వర్డింగ్ నోట్ లో రాసిన ప్రతి ముక్కకీ కన్‌సైనరే జవాబుదారు. బరువు తప్పు రాసినా, సరుకు పేరు తప్పు రాసినా, దానివల్ల క్యారియర్ కి నష్టమొస్తే కన్‌సైనరే భరించాలి. దీపావళి ముందు బాణసంచా అట్టపెట్టెల్లో పెట్టి స్టేషనరీ అని బుక్ చేసే మనుషుల్ని చూశాను, పెట్టె తెరిపించి వెనక్కి పంపించాను కూడా, తిట్టారు. ప్రమాదకరమైన సరుకులకి మోటారు వాహనాల రూల్స్ లో 131వ రూలు ఉంది, దాని పేరులోనే కన్‌సైనర్ బాధ్యత అని ఉంటాది, ఆ సరుకు గుణం, దానివల్ల వచ్చే ప్రమాదం బండి ఓనరుకీ డ్రైవర్ కీ తెలిసేలా పూర్తి సమాచారం బండి ఓనరుకి ఇవ్వాలి. రాత్రంతా ఆ పెట్టెల ముందు కూర్చుని బండి తోలేది ఒక మనిషి అండి, అతనికీ పిల్లలున్నారు. అప్పగించడం అంటే నిజం చెప్పి అప్పగించడం.

విలువ కూడా అంతే. కిరాయి తగ్గుతాదని విలువ తక్కువ రాయిస్తారు, పోయినరోజున మొత్తం విలువ కావాలంటారు. ఎక్కువ విలువ చెప్పి దానికి తగ్గ కిరాయి కట్టకపోతే క్యారియర్ బాధ్యతకి చట్టమే హద్దు పెట్టింది.

హక్కులు లేవా అంటే ఉన్నాయి, ఒకటి మటుకు అందరూ తెలుసుకోవాలి. 1930 వస్తువుల విక్రయ చట్టం ప్రకారం సరుకు లారీవాడికి అప్పగిస్తే కొన్నవాడికి అప్పగించినట్టే అని ముందు లెక్క. అయినా, డబ్బు అందకుండా, కొన్నవాడు దివాలా స్థితిలో పడ్డాడని తెలిస్తే, సరుకు ఇంకా దారిలో ఉండగానే ఆపించే హక్కు అమ్మినవాడికి ఉంది. లారీ ఆఫీసుకి నోటీసిస్తే చాలు, వెనక్కి తెచ్చే ఖర్చు తనే పెట్టుకోవాలి. ఒకసారి అందుకునేవాడి చేతికి వెళ్లిపోయిందంటే ఆ హక్కు పోయినట్టే. నా సర్వీసులో దీన్ని వాడినవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, ఎందుకంటే ఉందనే తెలీదు.

(సభలో ఒక మహిళ: మా అబ్బాయికి హైదరాబాద్ కి ఆర్టీసీ బస్సులో ఆవకాయ పంపుతాను, నేను కూడా అదేనా అండి?)

అవునమ్మా, మీరూ కన్‌సైనరే! ఆ రసీదులో ఫ్రమ్ అనో సెండర్ అనో ఉంటాది, అర్థం అదే. మీరు జాడీకి గుడ్డకట్టి, పైన అబ్బాయి పేరూ ఫోన్ నంబరూ రాస్తారు కదా, అదే మార్కా. లోపల ఏముందో నిజం చెప్పండి, నూనె కారేదుంటే చెప్పండి, పక్క పెట్టెలో ఎవరి పుస్తకాలున్నాయో.

ఇంకెవరైనా? ఆ, మీరు చెప్పండి బావుగారూ, లేచి రండి, పర్వాలేదు.

(సభలో ఒక రైతు: మార్చిలో జీడిపిక్కలు పంపాను, పదకొండు బస్తాలు తక్కువొచ్చాయని అక్కడివాళ్లు డబ్బు కోశారు. లారీ ఆఫీసువాళ్లు రేపురా ఎల్లుండిరా అంటన్నారు.)

నోటీసు ఇచ్చారా? నోటిమాట కాదు, రాతపూర్వకంగా. లేదా. అయితే వినండి, 2007 చట్టంలో సరుకు పోయినా పాడయినా దావా వెయ్యాలంటే ముందు క్యారియర్ కి రాతమూలంగా నోటీసు ఇవ్వాలి, బుకింగ్ తేదీనుంచి 180 రోజుల్లోపు. డెలివరీ తేదీనుంచి కాదు, బుకింగ్ తేదీనుంచి. రేపురా ఎల్లుండిరా అని తిప్పితే ఆ రోజులు కరిగిపోతాయి. ఏ తేదీన బుక్ చేశారు? మార్చి 11. ఏప్రిల్, మే, జూన్, జూలై... సెప్టెంబరు 7కి 180 అవుతాయి. ఇవాళ 29, ఇంకా తొమ్మిది రోజులుంది. ఆఖరి రోజుదాకా ఆగొద్దు, సోమవారం పోస్టాఫీసు తెరవగానే స్పీడ్ పోస్టులో వెళ్లిపోవాలి, ఆ రసీదు జాగ్రత్త. కాయితం పెన్ను ఇక్కడే ఉన్నాయి, మీటింగ్ అయ్యాక కూర్చుని రాసేద్దాం. ఎల్‌ఆర్ తెచ్చారా? జేబులోనే ఉందా, ఇలగ ఇవ్వండి. ముందు పైగడిలో ఎవరి పేరుందో చూద్దాం.